ఎం51 గెలాక్సీ సుడి చేతులు 6 అంగుళాల టెలిస్కోపుకి అందుతాయా?

అందరికీ నమస్కారం. నా దగ్గర 6 అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ రకం టెలిస్కోపు ఉంది. మొన్న రాత్రి మా ఊరి డాబా మీంచి సప్తర్షి మండలం తోక చివరనున్న మరీచిని పట్టుకుని, అక్కణ్ణుంచి మూడున్నర డిగ్రీలు పక్కకి జరిగితే ఎం51 దొరికింది. దొరికిందంటే ఏముంది, పలక మీద సుద్దముక్క చెరిపితే మిగిలే మరకలాంటివి రెండు, పక్కపక్కనే. చిన్నది దాని జంట గెలాక్సీ ఎన్జీసీ 5195 అనుకుంటున్నా. ఫోటోల్లో కనిపించే సుడి మాత్రం ఆనవాలు కూడా లేదు.

1845లో ఖగోళ పరిశీలకుడు లార్డ్ రాస్ ఐర్లాండులో ఈ సుడిని చూసి బొమ్మ గీశాడు, నిజమే. కానీ ఆయన అద్దం 72 అంగుళాలు! మా వీధిలోనేమో రాత్రంతా ఎల్‌ఈడీ దీపాలు.

లోపం అద్దానిదా, వెలుతురుదా? ఊరవతల పొలానికి మోసుకెళ్తే చేతులు కాస్తయినా తెలుస్తాయా? 25 ఎంఎం ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) వాడాను, ఇంకా పెద్దగా చూపించే 10 ఎంఎం వేస్తే మరింత మసకబారింది.

ఇంకోటి, ఎం51 దూరం ఒకచోట 2.3 కోట్ల కాంతి సంవత్సరాలనీ, మరోచోట 3.1 కోట్లనీ ఉంది. ఇంత తేడా ఎందుకొస్తుంది? చూసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.