అబ్దుల్ హమీద్ ధ్వంసం చేసిన ట్యాంకులు ఎన్ని? సైన్యానికి ముందు ఆయన జీవితం ఎలాంటిది?

గోడపత్రిక (ప్రశ్న):
మా ఊరి శాఖా గ్రంథాలయం గోడపత్రికకు నెలకొక వ్యాసం రాస్తుంటాను. సెప్టెంబరు సంచికకు 1965లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో అమరుడైన కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ గురించి రాద్దామని కూర్చుంటే మొదటి పేరాలోనే ఆగిపోవలసి వచ్చింది. ఆయన ధ్వంసం చేసిన పాకిస్తాన్ సైన్యపు పాటన్ ట్యాంకులు మూడని ఒకరు, నాలుగని ఒకరు, ఏడని, ఎనిమిదని మరికొందరు రాశారు. పిల్లలు చదివే పత్రిక కాబట్టి ఏదో ఒక అంకె వేసి వదిలేయడానికి మనసొప్పడం లేదు. ఇంకో సంగతి, దర్జీ కొడుకు అన్న ఒక్క ముక్క తప్ప ఆయన బతుకు గురించి ఎవరూ వివరంగా చెప్పడం లేదు. అసలు సామాన్ల లెక్క చూసుకునే హవల్దార్ ట్యాంకులకు ఎదురు ఎలా వెళ్లారు? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

పాత పటం:
అంకె సంగతి ఇతరులు చెబుతారు, నేను మనిషి గురించి చెబుతాను. హమీద్ 1933 జూలై 1న ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా ధామూపూర్‌లో పుట్టారు. తండ్రి మహమ్మద్ ఉస్మాన్‌ది కుట్టుపని, తల్లి సకీనా బేగం. కుట్టుమిషను ఆడితేనే పొయ్యి వెలిగే ఇల్లు కావడంతో కొడుకు కూడా ఆ పనిలోనే స్థిరపడాలని తండ్రి కోరుకున్నారు, హమీద్ కొంతకాలం ఆయనకు చేదోడుగా బట్టలు కుట్టారు కూడా. అయితే ఆయన ధ్యాసంతా కుస్తీ, కర్రసాము, ఈత, గురి చూసి కొట్టడం మీదనే ఉండేది. 1954 డిసెంబరులో వారణాసిలో సైన్యంలో చేరి, నసీరాబాద్‌లోని గ్రెనేడియర్స్ కేంద్రంలో శిక్షణ పొంది, 4వ గ్రెనేడియర్స్ పటాలానికి వెళ్లారు.

వ్యాసాల్లో సాధారణంగా దాటవేసే ఘట్టం 1962. ఈశాన్య సరిహద్దులోని నామ్కా చూ నది ఒడ్డున చైనా సేనల దాడికి ఛిన్నాభిన్నమైన 7వ బ్రిగేడ్‌లో ఈ పటాలం ఉంది. బ్రిగేడ్ కమాండర్ జాన్ దాల్వీ శత్రువుకు చిక్కారు, గ్రెనేడియర్లు కొండలెక్కి దిగుతూ భూటాన్ మీదుగా కాలినడకన బయటపడ్డారు. అంత పెద్ద ఓటమి చూసిన డివిజనే (ఈ పటాలం ఉన్న 4వ డివిజన్) మూడేళ్లు తిరగకుండా పంజాబ్‌లోని ఖేమ్‌కరన్ దగ్గర నిలబడిందని మీ పాఠకులకు తెలియకపోతే, హమీద్ అమరుడైన అక్కడి అసల్ ఉత్తర్ పోరాటం బరువు వారికి సగమే అందుతుందని నా అభిప్రాయం.

ఇక మీ మూడో ప్రశ్న. హమీద్ చాలాకాలం ట్యాంకు విధ్వంసక విభాగంలో పనిచేసిన తర్వాతే క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అయ్యారు. రేషను, బూట్లు, దుప్పట్లు, యూనిఫారాల లెక్క చూసే ఆ కొలువులోకి వెళ్లాక యుద్ధం వచ్చింది. ఆర్‌సీఎల్ (రీకాయిల్‌లెస్, అంటే పేల్చినప్పుడు వెనక్కి తన్నని) ట్యాంకు విధ్వంసక తుపాకుల విభాగాన్ని నడిపించగల అనుభవజ్ఞులు చాలకపోవడంతో, పటాలంలో గురికి పేరుపడ్డ ఆయనను స్టోరు నుంచి మళ్లీ తుపాకీ దగ్గరికి పిలిచారు.

మాజీ జవాను:
పాత పటం గారు చెప్పినదానికి కొనసాగింపుగా ఆ తుపాకీ గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే అది తెలియకపోతే ఆయన చేసిన పని తెలియదు. నేను ఈ 106 మిల్లీమీటర్ల ఆర్‌సీఎల్ మీద పనిచేసినవాణ్ణి. గుండు ముందుకు దూసుకెళ్తుంటే మందు వాయువులో కొంత భాగం వెనకవైపు నుంచి బయటికి తన్నుకుపోతుంది. అందువల్ల తుపాకీ వెనక్కి కొట్టదు, 200 కిలోలు పైబడినదాన్ని కూడా జీపు మీద బిగించుకొని తిరగవచ్చు. చిక్కు కూడా అక్కడే ఉంది. పేల్చిన మరుక్షణం వెనక మంట, దాని వెంట దుమ్ము లేచి, మనం ఎక్కడున్నామో ఎదుటివాడికి చాటింపు వేసినట్లు తెలిసిపోతుంది. దూరం సరిచూసుకోవడానికి గొట్టం మీద చిన్న తుపాకీ ఉంటుంది, దాని తూటా తగిలినచోట పొగ లేస్తే అప్పుడు అసలు గుండు వదులుతారు. ఇదంతా చేసి, ఫలితం చూసుకుంటూ కూర్చోకుండా బండిని ఇంకోచోటికి మార్చాలి. జీపుకు కవచమనేది ఉండదు. ఎదురుగా 90 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న, నలభై టన్నులు పైబడిన పాటన్ ఉంటుంది. ఏపుగా పెరిగిన చెరకు తోటలే అక్కడ మనవాళ్లకు దొరికిన చాటు.

పరమవీర చక్ర ప్రశంసాపత్రంలో ఉన్నది ఇదే క్రమం. సెప్టెంబరు 10 ఉదయం 8 గంటలకు భిఖీవిండ్ రోడ్డులోని చీమా గ్రామం ముందు పాటన్ ట్యాంకుల రెజిమెంటు దాడికి దిగింది, 9 గంటలకల్లా ముందువరుస స్థానాల్లోకి చొచ్చుకొచ్చింది. హమీద్ జీపును పక్కకు తప్పించి, మొదటి ట్యాంకును కొట్టి, వెంటనే చోటు మార్చి ఇంకో ట్యాంకును తగలబెట్టారు. అప్పటికి శత్రువు ఆయనను కనిపెట్టాడు. మెషిన్‌గన్‌లు, ఫిరంగులు అన్నీ ఆ జీపు మీదికే తిరిగినా ఆయన మరో ట్యాంకు మీద గుండు వేస్తూనే ఉన్నారు, ఆ సమయంలోనే ఫిరంగి గుండు తగిలి ప్రాణం విడిచారు. అప్పటికి ఆయన వయసు 32 ఏళ్లు.

నిదానం:
పై వాక్యాలను జాగ్రత్తగా చదివితే గోడపత్రిక గారి మొదటి సందేహం చాలావరకు తీరుతుంది. ప్రశంసాపత్రం చెబుతున్నది 10వ తేదీ ఉదయం సంగతి మాత్రమే. అందులో నష్టపోయినట్లు స్పష్టంగా చెప్పినవి రెండు, మూడోదాని మీద కాల్పులు జరుపుతుండగా ఆయన మరణించారు. అంతకుముందు 8, 9 తేదీల్లో జరిగిన పోరును కూడా కలుపుకొని సైనిక వర్గాల కథనాలు ఏడు, ఎనిమిది అంటాయి, నాలుగు అనేది 9వ తేదీ సాయంత్రం పంపిన సిఫార్సులోని లెక్క అని చెబుతారు. కాబట్టి ఈ అంకెల్లో ఒకటి నిజం, మిగతావి అబద్ధం అనుకోనక్కర్లేదు. ఏ అంకె ఏ రోజులకు సంబంధించిందో రాస్తే చాలు.

ఇంకో మాట. యుద్ధమంతా ఆయన ఒక్కరే గెలిచారన్నట్లు రాయకండి. మన సైన్యం పొలాలకు నీళ్లు వదిలి పాకిస్తాన్ 1వ ఆర్మర్డ్ డివిజన్ ట్యాంకులను బురదలో దిగబడేలా చేసింది, 3వ కావల్రీ సెంచూరియన్ ట్యాంకులు చెరకు చాటున కాపు కాశాయి. పట్టుబడిన పాటన్‌లను వరుసగా నిలబెట్టిన చోటును జనం పాటన్ నగర్ అన్నారు. ఇవి చెప్పినంత మాత్రాన హమీద్ గొప్పదనం వీసమెత్తు కూడా తగ్గదు.

గోడపత్రిక:
ముగ్గురికీ ధన్యవాదాలు. ప్రశంసాపత్రం లెక్క, పటాలం చెప్పే లెక్క రెండూ వేస్తాను. కుటుంబం గురించి కూడా రెండు వాక్యాలు చేర్చాలని ఉంది.

పాత పటం:
సెప్టెంబరు 16న, అంటే ఆయన పోయిన ఆరు రోజులకే పురస్కారం ప్రకటించారు. 1966 జనవరి 26న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా ఆయన భార్య రసూలన్ బీబీ దాన్ని అందుకున్నారు. ఆమె 2019 వరకు జీవించారు. ఆయన సమాధి అసల్ ఉత్తర్‌లోనే ఉంది, ఏటా సెప్టెంబరులో అక్కడ నివాళి సభ జరుగుతుంది.

మాజీ జవాను:
బొమ్మ కావాలంటే తపాలా శాఖ 2000లో తెచ్చిన స్టాంపు వెతకండి, అందులో ఆయన ముఖంతో పాటు జీపు మీది తుపాకీ కూడా కనిపిస్తుంది. ట్యాంకు మీదికెక్కి బాంబు విసురుతున్నట్లు ఎవరైనా గీసిస్తానంటే మాత్రం ఒప్పుకోకండి.