కార్పొరేషన్ పైసలు ముందు చెరువు కట్టకా, కాలనీల ఖాళీ జాగలకా?

మెట్టుగడ్డ బిడ్డ:
పాలమూరు 2025లో కార్పొరేషన్ అయింది. బడ్జెట్ మాట వచ్చినప్పుడల్లా అందరి నోట పెద్ద చెరువే. మినీ ట్యాంక్‌బండ్, లైట్లు, పడవలు. పిల్లలు రోజూ సాయంత్రం ఆడుకునే జాగకు ముందు ఖర్చు పెట్టాలెనా, ఎప్పుడో ఒకసారి చూసొచ్చే కట్టకు పెట్టాలెనా?

నా మాట ముందే చెప్తున్న, కాలనీల జాగలే ముందు. లేఅవుట్ చేసినోడు పది శాతం భూమి ఖాళీగ వదలాలె. కాయితం మీద అది పార్కు. పోయి చూస్తే సర్కారు తుమ్మ, ఇసుక కుప్పలు, ఒక మూలకు ఎవరిదో రేకుల షెడ్డు. ఇయ్యాల షెడ్డు, రేపు గోడ, ఎల్లుండి దానికి ఇంటి నంబరు. కట్ట మీద లైట్లు వచ్చే ఏడాదైనా పెట్టొచ్చు, పోయిన జాగ మళ్ల రాదు. ఆ పది శాతం వదలని లేఅవుట్లల్ల కొన్నోళ్లు ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) కింద ప్లాటు విలువల 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కట్టాలె. ఆ పైసలతోని ఏ కాలనీల జాగ కొన్నరో, ఎక్కడ పార్కు చేసిన్రో కార్పొరేషన్ లెక్క చెప్పాలె.

మయూరి పార్కు ఉంది గదా అంటరు. రెండు వేల ఎకరాలు దాటిన జాగ, మనకు గర్వమే. కానీ అది అటవీ శాఖది, ఊరి బయట అప్పన్నపల్లి దగ్గర ఉంది. బడి నుంచి వచ్చిన పిల్లగాడు ఆడుకునేటందుకు అప్పన్నపల్లి దాక పోతడా?

రామయ్యబౌలి:
అన్నా, మీకు ఆట జాగ కావాలె, మాకు వాన పడ్డ రాత్రి నిద్ర కావాలె. గట్టి వాన పడితే నీళ్లు మా ఇండ్లల్లకే వస్తున్నయి. బియ్యం డబ్బాలు మంచం మీద పెట్టుకొని తెల్లారేదాక కూసుంటం. నాలా వెడల్పు చేసి, పూడిక తీసినంకనే పార్కుల ముచ్చట.

మెట్టుగడ్డ బిడ్డ:
తమ్మీ, నీ నాలాకు నేను అడ్డం కాదు. కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటుల 60 శాతం తాగునీళ్లకు, పారిశుద్ధ్యానికే పెట్టాలని షరతు ఉండె. అట్లాంటి పైసలు పార్కులకు ఎట్లాగూ రావు.

రామయ్యబౌలి:
అక్కడే తేడా కొడుతుందన్నా. ఆ 60 శాతం తాగునీళ్లు, మరుగుదొడ్లు, చెత్తకు. వరద నాలాను అందుల ఇరికించుడు కష్టం. షరతు లేని 40 శాతం, ఇంటి పన్ను, ఇవే మాకు దిక్కు. మీ పార్కుకు కూడ అవే. ఇద్దరం ఒక్క సంచిలనే చెయ్యి పెడుతున్నం.

మెట్టుగడ్డ బిడ్డ:
అయితే నేను అడిగేది తక్కువనే. సిమెంటు బెంచీలు వద్దు, ఫౌంటెన్ వద్దు. సర్వేయర్ వచ్చి హద్దులు కొలవాలె, చుట్టూ వేప, కానుగ మొక్కలు పెట్టాలె, సర్వే నంబరుతోని ఒక బోర్డు పాతాలె. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌ల పది శాతం పచ్చదనానికి తియ్యాలె. మొక్కలు అందులకెళ్లి అయితయి, నీ నాలా రూపాయి ముట్టుకోం.

పాత పాలమూరు సార్:
బాబూ, నువ్వు చెప్పేదంతా ప్లాటు కొన్నోళ్ల సంగతి. మా పాతూర్ల లేఅవుట్ ఏది, పది శాతం ఏది? గోడకు గోడ ఆనుకొని ఇండ్లు. ఒక్క అర్రల ఐదుగురు ఉంటరు. మా మనవలకు గాలి తగిలే జాగ అంటే చెరువు కట్టనే. టికెట్ లేదు, నీది ఏ కాలనీ అని అడిగేటోడు లేడు. కూలికి పోయొచ్చిన ఆడోళ్లు కూడ పిల్లల్ని తీసుకొని అక్కడ కూసుంటరు. దాన్ని సోకు అనుడు నాకు నచ్చలేదు. చెరువు మొత్తం ఊరిది.

మెట్టుగడ్డ బిడ్డ:
సార్, మీ మాట బలంగనే ఉంది. కానీ పాతూరు పిల్లలకు కట్ట మీద నడిచే జాగ దొరుకుతది గాని, క్రికెట్ ఆడే జాగ దొరకదు. సర్కారు బడుల గ్రౌండ్లు బడి అయిపోంగనే తాళం పడుతున్నయి. విద్యా శాఖతోని మాట్లాడి సాయంత్రం తెరిపించి, కాపలా మనిషి జీతం కార్పొరేషన్ ఇస్తే, కొత్తగ భూమి కొనే పనే లేదు.

ఏనుగొండ అక్క:
మీరంతా కట్టుడు గురించే మాట్లాడుతున్నరు. 2022ల క్రీడా ప్రాంగణాలని బోర్డులు పెట్టిన్రు. మా దిక్కు దాన్ల ఇప్పుడు మోకాళ్లెత్తు గడ్డి. ఓపెన్ జిమ్ సామాను తుప్పు పట్టింది, ఊగుతున్న రాడ్డుకు పిల్ల వేలు నలిగింది. రిబ్బన్ కట్ చేసేటందుకు పైసలుంటయి, బోల్టు బిగిచ్చేటందుకు ఉండవు. చెరువైనా, కాలనీ పార్కైనా, బడి గ్రౌండైనా, నిర్వహణ ఖర్చు బడ్జెట్‌ల వేరే పద్దు కింద చూపిస్తేనే మంజూరు చెయ్యాలె. లైటు, తలుపున్న మరుగుదొడ్డి, ఒక కాపలా మనిషి లేకుంటే ఆడోళ్లం రాము. వార్డుకు నాలుగు కమిటీలుండాలని చట్టంల ఉంది, అందుల ఒకటి మహిళలది. ఆ కమిటీని ముందు కూసోబెట్టి అడగమనండి.

మెట్టుగడ్డ బిడ్డ:
అక్కా, కార్పొరేషన్‌కు ఇచ్చే అర్జీల మీ షరతు రాస్తున్న. జాగల హద్దులు, బడి గ్రౌండ్లు, నిర్వహణ పద్దు. సార్, మీరు సంతకం పెడతరా?

పాత పాలమూరు సార్:
బడి గ్రౌండ్లకు పెడత. కట్టకు ఇచ్చేది తగ్గించమని రాస్తే పెట్టను.

రామయ్యబౌలి:
అర్జీల మొదటి లైను నాలా అయితే మా గల్లీ మొత్తం సంతకాలు తెస్త. రెండో లైనుకు పోతే నేను కూడ పెట్టనన్నా.