పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రబడింది, జరీ పంచె ఎలా కాపాడాలి?

నాన్నగారి తెల్ల నూలు పంచె మీద పులిహోర పడింది. అమ్మ వెంటనే బట్టల సబ్బు రుద్దితే పచ్చటి మరక కాస్తా ఎర్రగా మారింది. దండెం మీద అది చూసి నాయనమ్మ ఎవరికో దెబ్బ తగిలి రక్తం కారిందనుకుని కేకలు పెట్టింది. పక్కింటి పిన్నిగారు దూది పట్టుకుని పరుగెత్తుకొచ్చారు! పాపం నాయనమ్మకి గుండెదడ తగ్గడానికి చాలాసేపు పట్టింది.

సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. నిమ్మరసం పిండాక ఎరుపు పోయింది, పసుపు మిగిలింది. ఎండలో ఆరేస్తే పసుపు వెలుస్తుంది గానీ, మరక సరిగ్గా జరీ అంచు పక్కనే ఉంది. ఎండకు, నిమ్మరసానికి జరీ నల్లబడుతుందా? అది నాన్నగారి పెళ్లి పంచె, బ్లీచింగ్ వేయాలంటే భయంగా ఉంది. జరీ బట్ట మీద ఇలాంటి మరక వదిలించినవాళ్లు ఏం చేశారో దయచేసి చెప్పండి.