రోగిని రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలన్న నియమాన్ని ఉంచాలా, సడలించాలా?

శారద, స్టాఫ్ నర్సు

తమంతట తాము కదలలేని రోగులను రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలని నర్సింగ్ మొదటి సంవత్సరంలోనే మనకు నేర్పారు. పడక పుండ్ల నివారణ అనగానే ఎవరికైనా ముందు గుర్తుకొచ్చేది ఈ నియమమే. పదమూడేళ్లుగా దీన్ని పాటిస్తూ వచ్చిన నేను ఇప్పుడు దీన్నే ప్రశ్నించదలచుకున్నాను. రోగులందరికీ ఒకే గడువు పెట్టడం మానేసి, ఆ రోగి చర్మం ఎలా ఉంది, ఎంతవరకు కదలగలడు, కింద ఎలాంటి పరుపు ఉంది అన్నవి చూసి గడువు నిర్ణయించాలని నా వాదన.

2013లో వెలువడిన ‘టర్న్’ అధ్యయనంలో అమెరికా, కెనడాల్లోని 27 వృద్ధుల సంరక్షణ కేంద్రాలకు చెందిన 942 మందిని మూడు బృందాలుగా విభజించి, ఒక బృందాన్ని రెండు గంటలకు, ఒక బృందాన్ని మూడు గంటలకు, మరొక బృందాన్ని నాలుగు గంటలకు ఒకసారి పక్క మార్చారు. అందరికీ దట్టమైన ఫోమ్ పరుపులే వేశారు. మూడు వారాల తరవాత చూస్తే, పుండ్లు పడినవారి సంఖ్యలో ఈ బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అలాంటప్పుడు రాత్రి పది గంటల నుంచి ఉదయం ఆరు గంటల లోపు ఒక వృద్ధురాలిని నాలుగుసార్లు నిద్రలేపడం వల్ల ఆమెకు మనం చేస్తున్న మేలు ఏమిటి?

మరొక కారణం చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. పది గంటలకు ఎడమ, పన్నెండుకు వెల్లకిల, రెండుకు కుడి అని ఒకే కలంతో, ఒకే ఒరవడిలో, తెల్లవారుజామున ఒక్కసారే నింపేసిన చార్టులను చూడని నర్సు మనలో ఉండదు. పాటించడం సాధ్యం కాని నియమం చార్టులో అబద్ధం రాయడాన్ని అలవాటు చేస్తుంది.

లలిత, నర్సింగ్ బోధన

శారద గారూ, చార్టుల గురించి మీరు రాసింది నిజమే, అందులో నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరం టర్న్ అధ్యయనాన్ని మీరు వాడుకున్న తీరు మీదే. పుండు పడే ప్రమాదాన్ని అంచనా వేసే బ్రేడెన్ స్కోరు 10 నుంచి 14 వరకు ఉన్నవారినే ఆ అధ్యయనంలోకి తీసుకున్నారు. స్కోరు 9 గానీ అంతకు తక్కువ గానీ ఉన్నవారు, అంటే పుండు పడే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నవారు, అందులో లేరు. మొదలుపెట్టేనాటికి ఎవరి ఒంటి మీదా పుండు లేదు. పక్క మార్చిన ప్రతిసారీ చర్మాన్నీ, తడినీ చూసి నమోదు చేశారు. మంచి పరుపు, శిక్షణ పొందిన సిబ్బంది, ఎవరో గమనిస్తున్నారన్న స్పృహ ఉన్నచోట నాలుగు గంటల గడువు సరిపోయిందంటే, ఆ మూడూ లేనిచోట కూడా సరిపోతుందని ఎలా అనుకోగలం?

ఈ నియమం శూన్యంలోంచి ఊడిపడలేదు. 1959లో కోసియాక్ అనే పరిశోధకుడు కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఒత్తిడికీ సమయానికీ మధ్య విలోమ సంబంధం ఉందని తేలింది. ఒత్తిడి ఎక్కువైతే కణజాలం కొద్దిసేపట్లోనే దెబ్బతింటుంది, తక్కువైతే ఎక్కువసేపు తట్టుకుంటుంది. 1962లో బ్రిటన్ నర్సు డోరీన్ నార్టన్, ఆమె సహచరులు ఆసుపత్రుల్లోని వృద్ధులను గమనించి, తరచుగా పక్క మార్చినవారిలో పుండ్లు తగ్గాయని రాశారు. రెండు గంటలు అన్న అంకె ఆ తరవాత పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. ఆ అంకెకు పవిత్రత ఏమీ లేదని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఎముకకూ పరుపుకూ మధ్య నలిగే కండరం పైన చర్మం మీద ఏమీ కనిపించకముందే లోపల చచ్చిపోతూ ఉంటుంది. పైకి కనిపించేసరికి ఆలస్యమైపోయే జబ్బుకు, కనిపించినదాన్ని బట్టి గడువు నిర్ణయిద్దామనడం నాకు నిశ్చింతగా అనిపించడం లేదు.

మాధవరావు, ప్రజారోగ్య పరిశోధన

గణాంకాల వైపు నుంచి రెండు మాటలు చెప్పాలి. టర్న్‌లో రెండు గంటల బృందంలో 2.5 శాతం, మూడు గంటల బృందంలో 0.6 శాతం, నాలుగు గంటల బృందంలో 3.1 శాతం మందికి పుండ్లు పడ్డాయి. మొత్తం 942 మందిలో పుండు పడినవారు 19 మంది మాత్రమే. గడువు పెరిగేకొద్దీ పుండ్లు క్రమంగా పెరగాలన్నది మనం ఊహించే సరళి. ఇక్కడేమో మధ్యలో ఉన్న మూడు గంటల బృందమే అందరికన్నా బాగుంది. మూడు గంటల్లో ఏదో మహిమ ఉందని కాదు గదా. 19 ఘటనల మీద నిలబెట్టిన పోలిక ఎంత ఊగిసలాడుతుందో ఇది చూపిస్తుంది. తేడా కనిపించలేదు అనడానికీ, తేడా లేదని రుజువైంది అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. శారద గారు ఆ దూరాన్ని ఒక్క అంగలో దాటేశారు.

అంతమాత్రాన లలిత గారి పక్షం గట్టిదని కూడా నేను అనను. రెండు గంటలే మేలని చూపే ప్రయోగం కూడా అంతే బలహీనం. పక్క మార్చడంపై వచ్చిన ప్రయోగాలన్నిటినీ 2020లో సమీక్షించిన కోక్రేన్ (వైద్య ప్రయోగాలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) బృందం, ఏ గడువు మేలో చెప్పడానికి ఉన్న ఆధారం చాలా తక్కువ విశ్వసనీయత గలదని తేల్చింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2005లో డెఫ్లూర్ బృందం బెల్జియంలో చేసిన ప్రయోగం. మామూలు పరుపు మీద రెండు లేదా మూడు గంటలకోసారి, ఒత్తిడిని సర్దే మెత్తని ఫోమ్ పరుపు మీద నాలుగు లేదా ఆరు గంటలకోసారి పక్క మార్చి చూశారు. చర్మం చిట్లిన పుండ్లు మెత్తని పరుపు మీద నాలుగు గంటల బృందంలో 3 శాతం మందికి పడగా, మిగిలిన మూడు బృందాల్లో అవి 14.3 నుంచి 24.1 శాతం దాకా ఉన్నాయి. మామూలు పరుపు మీద రెండు గంటలకోసారి మార్చినవారు కూడా ఆ మిగిలిన బృందాల్లోనే ఉన్నారని గమనించండి. మనం గడియారం గురించి వాదించుకుంటూ పరుపును మరిచిపోతున్నామేమోనని నా అనుమానం.

కిరణ్, రోగి కుమారుడు

నేను వైద్యరంగం వాడిని కాను, తప్పుగా రాస్తే మన్నించండి. తుంటి ఎముక విరిగి మంచాన పడిన మా అమ్మ దగ్గర ఆరు వారాలు ఉన్నాను. ప్రతిసారీ ఆమెను తిప్పుతుంటే నొప్పికి కేక పెట్టేది, మళ్లీ నిద్రపట్టడానికి గంట పట్టేది, ఆ గంట గడిచేసరికి మళ్లీ తిప్పే వేళ అయ్యేది. అయినా నేను నియమానికి వ్యతిరేకిని కాను, ఎందుకంటే నర్సు రాకపోయిన రాత్రుల్లో నాకు భయం వేసేది. నాకు అర్థంకానిది మరొకటి. నడుము మీద ఏమీ కాలేదు, పుండు మడమ మీద పడింది. ఎడమ, కుడి అని అన్నిసార్లు మార్చినా మడమలు మాత్రం ఎప్పుడూ పరుపును ఆనుకునే ఉన్నాయి. దాన్ని ఎవరూ గమనించలేదు, నేనూ గమనించలేదు.

విజయ, ఐసీయూ నర్సు

కిరణ్ గారూ, మీరు తప్పుగా ఏమీ రాయలేదు, ఈ చర్చలో అందరం వదిలేసిన విషయాన్ని పట్టుకున్నారు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడకపోతే, గంటకోసారి పక్క మార్చినా వాటికి ఉపశమనం దొరకదు. మోకాళ్ల కింద మాత్రమే ఎత్తు పెడితే బరువంతా మళ్లీ మడమల మీదికే దిగుతుంది. చార్టులో ‘ఎడమ’ అని ఒక్క మాట రాస్తే వీటిలో ఏదీ తెలియదు.

నేను శారద గారి వైపే ఉన్నాను, కారణం మాత్రం వేరు. వెంటిలేటర్ మీద ఉన్న 329 మంది రోగులతో మంజానో బృందం స్పెయిన్‌లో చేసి 2014లో ప్రచురించిన ప్రయోగంలో, గాలి నిండుతూ తగ్గుతూ ఉండే పరుపుల మీద రెండు గంటల బృందంలో 10.3 శాతం, నాలుగు గంటల బృందంలో 13.4 శాతం మందికి పుండ్లు పడ్డాయి. ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. అయితే రెండు గంటల బృందంలో గొంతులోని గొట్టానికీ ఇతర పరికరాలకూ సంబంధించిన అవాంతరాలు ఎక్కువయ్యాయి. పుండును తప్పించబోయి ఊపిరి గొట్టం ఊడిపోతే ఆ నష్టాన్ని ఏ లెక్కలో వేస్తాం? రక్తపోటు నిలకడగా లేని రోగిని పూర్తిగా తిప్పలేనప్పుడు భుజాన్నీ తుంటినీ కొద్దికొద్దిగా జరుపుతూ వస్తాం. చార్టులో దానికి గడి కూడా ఉండదు.

ఎంత కోణంలో తిప్పుతున్నామన్నది కూడా గడువు అంత ముఖ్యమే. 2011లో మూర్ బృందం ఐర్లాండ్‌లో 213 మంది వృద్ధుల మీద చేసిన ప్రయోగంలో, రాత్రివేళ మూడు గంటలకోసారి 30 డిగ్రీలు మాత్రమే వాల్చిన బృందంలో 3 శాతం మందికి, ఆరు గంటలకోసారి 90 డిగ్రీలు పూర్తి పక్కకు తిప్పిన బృందంలో 11 శాతం మందికి పుండ్లు పడ్డాయి. అక్కడ గడువూ కోణమూ రెండూ ఒకేసారి మారాయి కాబట్టి ఘనత దేనిదో విడదీయలేం. కాకపోతే 30 డిగ్రీల వాలుకు రోగిని పూర్తిగా లేపనక్కర్లేదు, వీపు వెనక ఒక దిండు దోపితే చాలు, చాలామంది నిద్రలోనే ఉండిపోతారు. కిరణ్ గారి అమ్మగారికి అలా చేసి ఉంటే బాగుండేది.

లలిత, నర్సింగ్ బోధన

విజయ గారి ఐసీయూలో ఒక్కో నర్సు చేతిలో ఒకరో ఇద్దరో రోగులుంటారు కాబట్టి విచక్షణకు అక్కడ చోటు ఉంది. నా ఆందోళన సాధారణ వార్డు గురించి. రాత్రి డ్యూటీలో ముప్ఫై మంది రోగులకు ఇద్దరు నర్సులున్నచోట ‘రోగిని బట్టి గడువు’ అని రాస్తే, రెండు గంటలు కాస్తా నాలుగవుతుంది, నాలుగు కాస్తా తెల్లవారేదాకా అవుతుంది. తనకు తానుగా పిలవలేని రోగి, బంధువులెవరూ దగ్గర లేని రోగి ముందుగా నష్టపోతారు. రెండు గంటలు అన్న అంకె రోగి చేతిలో ఉన్న హక్కు పత్రం లాంటిది. నర్సులు చాలడం లేదని యాజమాన్యానికి చూపించడానికి మన చేతిలో ఉన్న లెక్క కూడా అదే. ఆ లెక్కను మనమే వదులుకున్నాక, ఇన్ని చేతులు ఎందుకు కావాలి అని వాళ్లు అడిగితే ఏం చెబుతాం?

చర్మాన్ని చూసి నిర్ణయిద్దామన్న మాటలో మరో చిక్కు ఉంది. వేలితో నొక్కితే తెల్లబడని ఎరుపు తొలి హెచ్చరిక అని పుస్తకాలు చెబుతాయి. ముదురు రంగు చర్మం మీద ఆ ఎరుపు కనిపించదు. చుట్టుపక్కల చర్మంతో పోల్చి వేడి, చల్లదనం, గట్టిదనం, మెత్తదనం, నొప్పి చూడాలి. అందుకు వెలుతురు కావాలి, తాకి చూసే తీరిక కావాలి, ఏది మామూలో తెలిసిన చెయ్యి కావాలి. రాత్రి రెండు గంటలకు, మసక వెలుతురులో, ఆరు నెలల అనుభవమున్న అమ్మాయి ఆ నిర్ణయం తీసుకోగలదని మీరు ధైర్యంగా చెప్పగలరా?

శారద, స్టాఫ్ నర్సు

చెప్పలేను. ముదురు చర్మం సంగతి నేను మొదట రాసినప్పుడు ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. టర్న్ ఫలితాన్ని దాని శక్తికి మించి వాడుకున్నానన్న మాధవరావు గారి విమర్శ కూడా సరైనదే.

హక్కు పత్రం అన్న పోలికతో మాత్రం ఏకీభవించలేను. అబద్ధంగా నిండిన చార్టు నర్సులు చాలడం లేదని ఎవరికీ చూపించదు. పనంతా సక్రమంగా జరిగిపోయినట్టు చూపిస్తుంది. సిబ్బంది కొరతను కప్పిపుచ్చుతున్నది ఆ చార్టే. పక్క మార్చలేకపోయిన వేళ ‘మార్చలేదు, కారణం ఇది’ అని రాసే గడి పెట్టి, అలా రాసినందుకు నర్సును దండించకుండా ఉంటే, యాజమాన్యం ముందు పెట్టడానికి మన దగ్గర నిజమైన లెక్క ఉంటుంది.

నా ప్రతిపాదనను ఇలా మార్చుకుంటాను. వార్డులో చేరిన ప్రతి కదలలేని రోగికి రెండు గంటలతోనే మొదలుపెడదాం. పరుపు మంచిదై, బ్రేడెన్ స్కోరు మరీ తక్కువ కాకుండా, పగటి వెలుతురులో వరుసగా రెండు రోజులు చర్మం తాకి చూసి బాగుందని తేలితే గడువు పెంచుదాం. 2019 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఒకే అంకె విధించకుండా, రోగి కదలిక, చర్మం తట్టుకునే శక్తి, నొప్పి వంటివి చూసి గడువు నిర్ణయించమంటున్నాయి.

మాధవరావు, ప్రజారోగ్య పరిశోధన

ఇది పరీక్షించదగిన ప్రతిపాదన. ఎవరైనా తమ వార్డులో అమలుచేసి చూస్తే, చర్మం చిట్లిన పుండ్లను మాత్రమే కాకుండా మడమల పుండ్లను విడిగా లెక్కించండి, రోగి రాత్రి ఎంతసేపు నిద్రపోయాడో కూడా నమోదు చేయండి. పుండ్లను లెక్కించేవారికి ఆ రోగి గడువు ఎంతో తెలియకూడదు. చార్టును ఆధారంగా తీసుకోవద్దని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

లలిత, నర్సింగ్ బోధన

ఒక్క ప్రశ్న మిగిలింది. గడువు మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది? డాక్టరు సంతకం కావాలంటే అది వారానికోసారి కూడా మారదు. రాత్రి నర్సుకు వదిలేస్తే నేను ముందు చెప్పిన భయం నాకు అలాగే ఉంటుంది.

శారద, స్టాఫ్ నర్సు

పెంచడానికీ తగ్గించడానికీ ఒకే నిబంధన ఉండనక్కర్లేదు. గడువు తగ్గించే అధికారం ఏ షిఫ్టులో ఉన్న ఏ నర్సుకైనా, ఏ వేళనైనా, ఎవరినీ అడగకుండా ఉండాలి. పెంచడం మాత్రం పగటిపూట, ఇద్దరు నర్సులు కలిసి చర్మం చూశాకే జరగాలి.

లలిత, నర్సింగ్ బోధన

అలాగైతే నా అభ్యంతరంలో సగం పోయినట్టే. మిగతా సగం పరుపుది. ఏళ్ల తరబడి వాడి మధ్యలో గుంతపడ్డ ఫోమ్‌ను మంచి పరుపు కింద జమకట్టి గడువు పెంచితే ఒప్పుకోను. అరచేయి పరుపు కిందికి పోనిచ్చి, రోగి నడుము కింద చేతికి ఎముక తగులుతోందేమో చూడండి. తగిలితే ఆ మంచానికి గడువు రెండు గంటలే.