పక్కింటి పనికి కూలి అడిగితే తప్పా?

సింగ్‌నగర్ కుర్రాడు:
ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి పని వెతుక్కుంటున్నా. పోయిన నెల పక్కింటి అంకుల్ "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త చూడరా" అని పిలిచారు. ముందు మోటారు కెపాసిటర్ మార్చా. తర్వాత డాబా మీద ట్యాంకు కడగడం, బాల్ వాల్వు బిగించడం, రెండు గదుల్లో ఫ్యాన్లు. ట్యాంకులోకి దిగి, అడుగున పేరుకున్న ఒండ్రుని స్టీలు గిన్నెతో తోడి, బకెట్‌కి తాడు కట్టి కిందికి దించా. సామాను నేనే తెచ్చా, ఆ బిల్లు రూపాయితో సహా లెక్కచూసి ఇచ్చారు. పనికి 1,500 అడిగితే మాత్రం "ఇరుగూపొరుగూ మధ్య డబ్బులేంట్రా, నిన్ను ఎత్తుకుని తిప్పినవాణ్ని" అన్నారు. అమ్మ వదిలెయ్యమంటోంది. అడగడం తప్పంటారా?

పటమట పెద్దాయన:
తప్పే. రేటు ముందు మాట్లాడుకోలేదు. పిలవగానే వెళ్లావు, సాయం అనుకునే ఆయన పిలిచాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు మీ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఎవరు ఎవరికి బిల్లు వేశారు? మేడ మీదవాళ్లు కిందింటివాళ్లని పైకి పిలిచి ఉన్నదే పంచుకుని తిన్నారు.

నందమూరి నగర్ ఆడపడుచు:
ఆ వరదలో నేనున్నాను బాబాయ్‌గారూ. అది ఆపద. ట్యాంకు కడిగించుకోవడం ఆపద కాదు. నీళ్లు తీశాక బురద కడగడానికి ఫైరింజన్లు వచ్చాయి. కానీ మునిగిన ఫ్రిజ్జు, మోటారు బాగుచేసినవాళ్లకి మా వీధిలో అందరం డబ్బులిచ్చే చేయించుకున్నాం. వాళ్లలో తెలిసినవాళ్లూ ఉన్నారు. అసలు సంగతి సామాను బిల్లు దగ్గరే తేలిపోయింది. కొట్టువాడి డబ్బు ఎగ్గొట్టకూడదని ఆయనకి తెలుసు. కుర్రాడి ఒళ్లు హూనమైతే దానికి లెక్క లేదా?

బెజవాడ బుల్లోడు:
ఇది వెట్టిచాకిరీ! రాజ్యాంగం 23వ అధికరణ కింద కేసు పెట్టు తమ్ముడూ.

లాయరు గుమస్తా:
ఆవేశం తగ్గించండి. 23 రావాలంటే బలవంతం ఉండాలి, ఇక్కడ లేదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే సివిల్ తగాదా అని పంపేస్తారు. చూడాల్సింది 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 70. ఊరికే చేసే ఉద్దేశం లేకుండా, చట్టబద్ధంగా ఒకరికి పని చేసిపెట్టి, దాని లాభం అవతలివాళ్లు పొందితే పరిహారం ఇచ్చుకోవాలి. రేటు ముందు మాట్లాడుకోలేదన్నంత మాత్రాన హక్కు పోదు. సమంజసమైన కూలి ఎంతో బయట వాకబు చేస్తే తెలుస్తుంది. చిక్కల్లా ఆ "ఊరికే" దగ్గరే. మొదటి రోజు కెపాసిటర్ చేతిసాయమే అని ఆయన వాదిస్తే నిలబడొచ్చు. ట్యాంకు, ఫ్యాన్ల దాకా అదే వాదన లాగడం కష్టం.

ఇంత చిన్న మొత్తానికి దావా వెయ్యమని నేను చెప్పను, ఖర్చే ఎక్కువవుతుంది. 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థవాళ్లు దారి చెప్తారు. కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌లో పెట్టుకోవచ్చు. ఫీజు ఉండదు, కానీ ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. పని చేసినప్పటి నుంచి మూడేళ్ల గడువుంది, కంగారేం లేదు.

పటమట పెద్దాయన:
1,500 కోసం అదాలత్! అర్ధరాత్రి వాళ్లమ్మకి బాగోకపోతే కారు తీసేది ఆ పక్కింటాయనే. అది గుర్తుపెట్టుకోండి.

నందమూరి నగర్ ఆడపడుచు:
కారు తీస్తే పెట్రోలు డబ్బులు ఇస్తామంటాం కదండీ, వద్దనడం ఆయన పెద్దరికం. ఇక్కడ వద్దనాల్సింది కుర్రాడు, ఆయన కాదు. మొహమాటం ఎప్పుడూ పనిచేసినవాడికేనా?

సింగ్‌నగర్ కుర్రాడు:
అందరికీ థ్యాంక్స్. అదాలత్ దాకా వెళ్లను, అమ్మ ఊరుకోదు. కెపాసిటర్ వదిలేసి, ట్యాంకుకీ ఫ్యాన్లకీ కలిపి 1,200 అని వాట్సాప్‌లో పెడతా. ఆదివారం మెట్ల దగ్గర లైటు కూడా చూడమన్నారు. దానికి రేటు ముందే చెప్తా.

పటమట పెద్దాయన:
చెప్పు, కాదనను. కానీ వాట్సాప్‌లో కాదు. ఇంటికెళ్లి, వాళ్లావిడ కూడా ఉన్నప్పుడు చెప్పు.