మందు ఆపగానే మళ్లీ గుడ్లు తగ్గుతున్నాయి, లోపలి మంచి బ్యాక్టీరియా పోయిందా?

లేయర్ రైతు, అనపర్తి:
నమస్తే అండి. మావి 8 వేల లేయర్ కోళ్లు, 46 వారాల బ్యాచ్. 91 శాతం వచ్చే గుడ్లు 84కి పడిపోయాయి, రోజూ ఏడెనిమిది కోళ్లు చచ్చిపోతున్నాయి. కోయించి చూస్తే పొట్టలో పచ్చసొన పగిలి ఉంది, గుడ్డు గొట్టంలో పసుపు రంగు ముద్ద గట్టిపడిపోయి ఉంది, ఈకోలై బ్యాక్టీరియా అన్నారు. ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇస్తే తగ్గింది, మూడు వారాలకే మళ్లీ మొదలైంది. మందుకి ఆ గొట్టంలోని మంచి బ్యాక్టీరియా పోతుందని ఒకరన్నారు. పేగుల్లో ఉంటుందని తెలుసు గానీ అక్కడ కూడా ఉంటుందా? ప్రోబయోటిక్, అంటే మంచి బ్యాక్టీరియా ఉండే పొడి, వేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

పశువైద్యుడు:
ఉంటుందండి. ఆరోగ్యంగా ఉన్న కోడి అండవాహికలో, అంటే మీరన్న గుడ్డు గొట్టంలో, లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా రకాలు బాగా కనిపిస్తాయి, అవి ఆమ్లం తయారుచేస్తూ ఈకోలై లాంటివాటిని పెరగనివ్వవు. ఇన్ఫెక్షన్ పైకి పాకితే గోడ వాచి ఈ లెక్క తలకిందులవుతుంది, లాక్టోబాసిల్లస్ తగ్గి రోగం తెచ్చేవి చోటు ఆక్రమిస్తాయి. గుడ్డు పెంకు పట్టే భాగంలోనే 20 గంటల దాకా ఉంటుంది, అక్కడ వాస్తే పెంకు పలచబడుతుంది, గరుకుగా వస్తుంది. యాంటీబయాటిక్ మంచివాటినీ చంపుతుంది నిజమే, కానీ మీ దగ్గర తిరగబెట్టడానికి అదొక్కటే కారణం అనుకోను. గట్టిపడ్డ ముద్దలోకి మందు సరిగా వెళ్లదు, అలాంటి కోళ్లు గుడ్లు పెట్టకుండా మేత తింటూ పెంటలో ఈకోలై వదులుతూనే ఉంటాయి, ముందు వాటిని ఏరి తీసేయండి. ఇంకోటి, ఈ ఇన్ఫెక్షన్ కింద గుదద్వారం నుంచే కాదు, ఊపిరితిత్తుల వైపు గాలిసంచుల నుంచి కూడా గొట్టంలోకి దిగుతుంది, షెడ్డులో అమ్మోనియా ఘాటు ఉంటే ఆ దారి తెరిచినట్టే. ఈసారి శాంపిల్ పంపి ఏ మందు పనిచేస్తుందో తెలుసుకున్నాకే ఇవ్వండి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఎవరిచ్చినా తీసుకోవద్దు, 2019లోనే కోళ్లకు నిషేధించారు.

లేయర్ రైతు, తణుకు:
అన్నా, నీళ్ల లైను చూశావా? మాకూ ఇలాగే రెండుసార్లు తిరగబెట్టింది, కోళ్లు తాగే నిపుల్ పైపులు విప్పితే లోపలంతా జిగురు, అది కడిగాకే దారికి వచ్చింది. ప్రోబయోటిక్ వేస్తే మేతలో కలుపు, క్లోరిన్ నీళ్లలో వేస్తే అది చచ్చిపోతుంది, డబ్బులు దండగ.

లేయర్ రైతు, అనపర్తి:
ట్యాంకు కడిగాం గానీ పైపులు విప్పలేదు అన్నా, రేపే విప్పిస్తా. డాక్టర్ గారూ, ఈ గుడ్లు తినొచ్చా?

పశువైద్యుడు:
మందు ఇచ్చినన్ని రోజులూ, ఆ తర్వాత లేబుల్ మీద రాసినన్ని రోజులూ అమ్మొద్దు, ఇంట్లోనూ తినొద్దు. పగిలినవి, పెంట అంటినవి పక్కన పెట్టండి. శాంపిల్‌లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కూడా ఉందేమో చూడమనండి, అందులో ఎంటరిటిడిస్ అనే రకం అండాశయంలో, గొట్టంలో చేరి, కోడి చూడ్డానికి బాగానే ఉన్నా పెంకు పట్టకముందే గుడ్డు లోపలికి వెళ్లిపోతుంది. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో పిల్లలకు హాఫ్ బాయిల్ పెట్టకండి.