వైరస్ లేకుండా స్పైక్ ఒక్కటే పెడితే కణాలు ఎందుకు కలిసిపోయాయి?

ప్రశ్న
నిన్నటి నుంచి ఇదే ఆలోచన. పైన ఏసీఈ2 (కోవిడ్ వైరస్ పట్టుకునే ప్రొటీన్) ఉన్న హెచ్‌ఈకే కణాల్లోకి (ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలు) కోవిడ్ స్పైక్ ప్లాస్మిడ్ ఒక్కటే ఎక్కించాను, అంటే వైరస్ పైనుండే ముల్లులాంటి స్పైక్ ప్రొటీన్‌ని తయారుచేయించే డీఎన్‌ఏ. వైరస్ అసలు లేదు. 24 గంటలయ్యాక చూస్తే కణాల మధ్య గీతలు చెరిగిపోయాయి. ఒకే పెద్ద ముద్ద, దాని నడుమ కేంద్రకాలు గుంపుగా. ఒకదాంట్లో 17 దాకా లెక్కపెట్టాను, ఆపైన ఒకదాని మీద ఒకటి పడి తెలియలేదు. వైరస్సే లేనప్పుడు వీటిని కలిపింది ఏది? పక్క ప్లేటులో ఫ్లూ వైరస్ పైనుండే హెచ్‌ఏ ప్రొటీన్ పెట్టాను, అక్కడ ఒక్క జత కూడా కలవలేదు.

జవాబు 1
ప్లేటు పాడైందని పారేయకండి, సిన్సీషియం అంటే అదే. నేను చాలా ఏళ్లుగా వీటినే చూస్తున్నాను, ఇప్పటికీ కన్ను తిప్పుకోలేను.

కలిపింది స్పైకే. కణంలో తయారైన స్పైక్, ప్రొటీన్లను సర్ది పంపే గాల్జీ దాటి కణం పైపొర మీదికి వస్తుంది. దారిలోనే ఫ్యూరిన్ అనే ఎంజైమ్ దాన్ని ఎస్1, ఎస్2 అని రెండుగా కోస్తుంది. ఇక ఆ కణం పైనుంచి చూస్తే పెద్ద వైరస్ లాంటిదే. పక్క కణం మీద ఏసీఈ2 తగలగానే స్పైక్ పట్టుకుంటుంది, ఎస్1 ఊడిపోతుంది. ఎస్2 నిటారుగా సాగి, తన కొసను ఎదుటి పొరలో గుచ్చుతుంది. తర్వాత జడపిన్నులా వెనక్కి మడుచుకుంటుంది. అసలు బలమంతా ఆ మడతలోనే ఉంది. ఒక కొస ఈ పొరలో, ఇంకో కొస ఆ పొరలో ఉన్నాయి కదా, మడత పడేసరికి రెండు పొరలూ దగ్గరికి లాక్కొచ్చి కలిసిపోతాయి. చిన్న రంధ్రం పడుతుంది, అది పెద్దదై లోపలి ద్రవం ఏకమవుతుంది. కలిసిన కణం మీద కూడా స్పైక్ ఉంటుంది కాబట్టి తర్వాతి పొరుగు కణం వంతు.

తట్టు, ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ వైరస్‌లదీ ఇదే పద్ధతి. ఆర్‌ఎస్‌వీ పేరులోని ‘ఎస్’ సిన్సీషియల్‌దే.

జవాబు 2
ఫ్లూ సంగతి: హెచ్‌ఏకి ఆమ్లం కావాలి. మామూలుగా అది ఎండోసోమ్ (వైరస్‌ను కణం లోపలికి తీసుకున్న సంచి) లోపల, పీహెచ్ 5 దగ్గర్లోనే విచ్చుకుంటుంది. మీ మీడియం (కణాలు పెరిగే ద్రవం) పీహెచ్ 7 పైన ఉంటుంది. ముందు కొద్దిగా ట్రిప్సిన్ అనే ఎంజైమ్ పెట్టి హెచ్‌ఏని కోయించండి, తర్వాత పీహెచ్ 5 బఫర్ కొన్ని నిమిషాలు పోసి తీసేయండి. అవీ కలుస్తాయి.

జవాబు 1
ఇది చెప్పడం మరిచాను. మాయలో (ప్లాసెంటాలో) బిడ్డకు ఆహారం అందించే పొర కూడా ఇలా కణాలు కలిసి ఏర్పడిందే. అక్కడ పనిచేసే సిన్సిటిన్, ఎప్పుడో మన పూర్వీకుల జీనోమ్‌లో చేరిపోయిన రెట్రోవైరస్ ప్రొటీన్. ఆ సంగతి 2000లో బయటపడింది. నాకు దీనికంటే అందమైన విషయం జీవశాస్త్రంలో కనబడలేదు.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ చాలా థాంక్స్. ఈసారి ఏసీఈ2 లేని కణాలు ఒక ప్లేటు, ఫ్యూరిన్ కోత చోటు తీసేసిన స్పైక్‌తో ఇంకో ప్లేటు పెడుతున్నాను. హెచ్‌ఏకి బఫర్ ఇప్పుడే కలిపాను. రేపు ఫోటోలు పెడతాను.